ఆడిన మాటకు పూచీ: ఉమ్మడి ఆపరేటింగ్ సిస్టంలపై వ్యాపార సంస్థల ప్రాబల్యం – నైతిక పరిశీలన

లైసెన్సు షరతులన్నీ నెరవేర్చిన సంస్థ తన బాధ్యత తీరిందని చెప్పుకోగలదా? చట్టరీత్యా చెప్పుకోగలదు. ధర్మరీత్యా ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో సెంట్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టం ఉదంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

నేపథ్యం

లినక్స్ కెర్నల్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించాడు. మరుసటి ఏడాది అది జీపీఎల్ లైసెన్సు కిందికి వచ్చింది. ప్రోగ్రామును పొందినవారికి దాని సోర్స్ కోడ్‌ను చదివే, మార్చే, పంచిపెట్టే హక్కు ఉంటుందన్నది ఆ లైసెన్సు సారం. అది అమ్మకాన్ని నిషేధించదు. ఆ వీలుతోనే రెడ్ హ్యాట్ సంస్థ లినక్స్ ఆధారిత వ్యవస్థను రూపొందించి, నిర్వహణకూ సాంకేతిక సహాయానికీ చందా తీసుకునే వ్యాపారాన్ని నిర్మించుకుంది. ఆ సంస్థ బహిరంగపరచిన కోడ్‌నే తిరిగి కూర్చి, చందా లేకుండా అందించిన ప్రాజెక్టు సెంట్‌ఓఎస్. 2004లో మొదలైన ఈ ప్రాజెక్టును 2014లో రెడ్ హ్యాట్ తన నీడలోకి తీసుకుంది. 2019లో ఐబీఎం సుమారు 3,400 కోట్ల డాలర్లకు రెడ్ హ్యాట్‌నే కొన్నది.

నమ్మకం – నష్టం

భౌతికశాస్త్ర పరిశోధనకు పేరుపొందిన ఫెర్మిలాబ్, సెర్న్ సంస్థలు 2004 నుంచి ఇదే కోడ్ ఆధారంగా సైంటిఫిక్ లినక్స్‌ను నడిపాయి. సెర్న్ ఏడవ వెర్షన్ నాటికే సెంట్‌ఓఎస్‌కు మారింది. ఎనిమిదవ వెర్షన్‌ను తాము తయారు చేయబోమనీ, సెంట్‌ఓఎస్‌నే స్వీకరిస్తామనీ 2019 ఏప్రిల్‌లో ఫెర్మిలాబ్ ప్రకటించింది. సెంట్‌ఓఎస్ 8కి 2029 వరకు నవీకరణలు అందుతాయన్నది అప్పటి హామీ. 2020 డిసెంబరులో ఆ గడువు 2021 ముగింపుకు కుదించబడింది.

ఇక్కడ లైసెన్సు ఉల్లంఘన ఏదీ లేదు. ఉచితంగా ఇచ్చేవాడు ఇవ్వడం మానుకోవచ్చుననే వాదంలోనూ బలముంది. కాని దానం మానుకోవడం వేరు, గడువు చెప్పి నడుమ విరమించడం వేరు. చెప్పిన గడువును నమ్మి ఎదుటివారు తమ సొంత ఏర్పాట్లను వదులుకున్నప్పుడు, ఆ మాట ఒప్పందపత్రం లేకున్నా రుణంగా మారుతుంది. అక్కడ కలిగిన నష్టం కోడ్‌కు కాదు, నమ్మకానికి. నమ్మకాన్ని కాపాడే షరతు జీపీఎల్‌లో లేదు.

సంస్థ పక్షం

2023 జూన్‌లో రెడ్ హ్యాట్ తన వాణిజ్య వ్యవస్థ కోడ్‌ను అందరికీ బహిరంగంగా ఉంచడం మానివేసి, చందాదారులకు పరిమితం చేసింది. ఏమీ చేర్చకుండా తిరిగి కూర్చేవారు తమ ఇంజనీర్ల శ్రమఫలాన్ని అనుభవిస్తున్నారన్నది సంస్థ వాదం. ఆ శ్రమ వాస్తవమే. లినక్స్ కెర్నల్‌కు ఆ సంస్థ చేసిన దోహదం కాదనరానిది. అయితే శ్రమించనివారికి హక్కు లేదన్న సూత్రం రెండువైపులా పదునైనది. కెర్నల్, కంపైలరు మొదలుకొని సంస్థ అమ్మే ప్రతి పొరలోనూ వేలాదిమంది ఇతరుల కృషి ఉంది. ఏ ఒక్కరూ ఒంటరిగా కట్టనిదాన్ని ఏ ఒక్కరి శ్రమఫలమనీ అనలేము.

వాడుకరుల పక్షాన కూడా లోపముంది. ఏళ్ల తరబడి ఉచితంగా వాడుకొని, నిర్వహణకు మనిషినిగాని ధనాన్నిగాని ఇవ్వనివారు తమ పరాధీనతను తామే పెంచుకున్నారు.

ముగింపు

లైసెన్సు వ్యర్థం కాలేదు. కోడ్ అందుబాటులో ఉన్నందువల్లనే 2021లో ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ నెలల వ్యవధిలో పోటీగా నిలబడగలిగాయి. 2022 డిసెంబరులో ఫెర్మిలాబ్, సెర్న్ సంస్థలు ఆల్మాలినక్స్‌ను సిఫారసు చేశాయి. విడిపోయే హక్కు ఉన్నచోట ఏ సంస్థ ప్రాబల్యమూ సంపూర్ణం కాదు. కాని ఆ హక్కును ఆచరణలోకి తెచ్చింది కోడ్‌ను భుజాన వేసుకున్న మనుషులు. 1993లో పుట్టిన డెబియన్‌లో డెవలపర్లే ఏటా తమ నాయకుణ్ణి ఎన్నుకుంటారు. 1997 నాటి సామాజిక ఒప్పందం వారి బాధ్యతను లిఖితపూర్వకం చేసింది. ఆధారపడినవారికి నిర్ణయంలోనూ శ్రమలోనూ పాలు ఉన్నప్పుడే ఆడిన మాటకు పూచీ దొరుకుతుంది. ఉమ్మడి సొత్తును వాడుకోవడం హక్కు అయితే, దాన్ని మోయడం ఆ హక్కుకు చెల్లించవలసిన వెల.