మెల్కీసెదెకు అర్పణ, డూపుయి వాదం

క్రైస్తవేతరులకు కూడా రక్షణ దొరకవచ్చని కతోలిక చర్చి ఒప్పుకుంది. ఇతర మతాల్లోని సత్యాన్ని, పవిత్రతను తోసిపుచ్చబోమని రెండో వాటికన్ మహాసభ 1965లోనే ప్రకటించింది. బెల్జియం జెస్యూట్ గురువు జాక్ డూపుయి 1997లో వెలువరించిన గ్రంథంలో మరో అడుగు వేశారు. క్రైస్తవేతరులు రక్షణ పొందేది తమ మతాన్ని దాటుకునా, ఆ మతం ద్వారానా? ద్వారానే అన్నారాయన. 1948లో భారతదేశానికి వచ్చి, 36 ఏళ్లు ఇక్కడే ఉండి, కర్సియాంగ్‌లో, ఢిల్లీలో వేదాంతం బోధించిన మనిషి మాట అది. నాకది న్యాయంగా తోస్తుంది. గుడి బయట చెప్పులు విడిచినట్టు మతాన్ని విడిచి ఎవరూ దేవుడి ముందు నిలబడరు. పిలిచే పేరు, ఉండే ఉపవాసం, తప్పు చేస్తే కుమిలిపోయే తీరు, అన్నీ ఆ సంప్రదాయం నేర్పినవే. కృప ఆ హృదయాన్ని తాకింది గానీ దాన్ని మలిచిన మతాన్ని తాకలేదంటే ఎలా కుదురుతుంది?

దీనికి బైబిల్లోనే ఒక ఉదాహరణ ఉంది. ఆదికాండం 14వ అధ్యాయంలో మెల్కీసెదెకు అనే రాజు రొట్టె, ద్రాక్షారసం తెచ్చి అబ్రామును ఆశీర్వదిస్తాడు. అతను సర్వోన్నతుడైన దేవుడి యాజకుడు, కానీ అబ్రాము వంశంవాడు కాదు. అయినా అబ్రామే అతనికి పదో వంతు ఇచ్చాడు. రోమన్ పూజావిధిలోని మొదటి కృతజ్ఞతా ప్రార్థన ఈనాటికీ అతని అర్పణను తలుచుకుంటుంది. తలుచుకునేది అతని మంచి మనసును కాదు, అతను యాజకుడిగా చేసిన అర్పణను. అతను క్రీస్తుకు ముందుగుర్తు మాత్రమేనంటారు. ముందుగుర్తు అయినంత మాత్రాన ఆ అర్పణ ఉత్తదైపోదు కదా.

1998లో డూపుయి గ్రంథంపై రోమ్ విచారణ మొదలుపెట్టింది. ఆ గ్రంథంలోని అస్పష్టతలు పాఠకుల్ని తప్పుదారి పట్టించవచ్చని 2001లో కార్డినల్ రాట్సింగర్ నాయకత్వంలోని విశ్వాస సిద్ధాంత సంఘం హెచ్చరించింది. వాళ్ల భయం తేలికైనది కాదు: యేసుగా అవతరించిన దేవుడి వాక్కు ఆయనతో నిమిత్తం లేకుండా పనిచేస్తే, యేసు అనేకుల్లో ఒకడైపోతాడు. కానీ డూపుయి రెండు వాక్కులున్నాయనలేదు. యేసులో వెల్లడైన పరిపూర్ణత లోతుకు సంబంధించినదనీ, ఆయన మానవ చైతన్యానికి హద్దులున్నాయి కాబట్టి దేవుడి మర్మం అక్కడితో అయిపోలేదనీ అన్నారు. వియన్నా కార్డినల్ కోనిగ్ బాహాటంగా ఆయన పక్షాన నిలిచారు.

చివరికి మమ్మల్నీ మీ క్రీస్తులోనే కలిపేసుకుంటున్నారుగా అని హిందువు అడగవచ్చు. నిజమే. అయితే ఇతర దేవతల్ని కొలిచేవారు కూడా తననే కొలుస్తున్నారని గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడూ అంటాడు. నమ్మేవాడు తన నమ్మకంలోంచే చూస్తాడు, అందులో అవమానం లేదు. బౌద్ధుడి విషయమే కష్టం. సృష్టికర్త ఊసు లేకుండా దుఃఖం నుంచి విముక్తి చూపిన దారిలోనూ త్రిత్వమే పనిచేస్తోందంటే, ఆ దారిన నడిచేవాడు దాన్ని తన అనుభవంగా గుర్తుపట్టలేడు. డూపుయి వాదం నాకు అన్నిటికన్నా బలహీనంగా కనిపించేది అక్కడే.