ముందుగా వేసే చేపలు

"ముందుగాల నాలుగు జీబ్రాలు ఏస్కోండ్రి సార్. అవి బతికితే అప్పుడు మంచియి తీస్కపోండ్రి" అన్నాడు షాపతను. ఒక్కోటి ఇరవై రూపాయలు. సరేనన్నాను. ఆ 'మంచియి' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాల్సింది. ఆగలేదు.

ట్యాంకు సెకండ్‌హ్యాండ్‌ది. ఊరు వదిలి వెళ్తున్న ఒకాయన దగ్గర కొన్నాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. గులకరాళ్ళు పోశాక యాభై లీటర్ల దాకా నీళ్ళు పడతాయి. ఆయన తన చేపల్ని స్నేహితుడికిచ్చి, ఆ పొద్దున్నే ఫిల్టర్ ఆపాడట. బాల్కనీలో నీళ్ళు నింపి ఒక రోజంతా ఎక్కడైనా కారుతుందేమో చూశాను. అద్దాల మీది తెల్ల చారల్ని వెనిగర్‌తో తుడిచాను. ఫిల్టర్‌లోని స్పాంజి నిండా గోధుమరంగు జిగురు, చూస్తేనే అసహ్యం. కుళాయి కింద పెట్టి, తేట నీళ్ళొచ్చేదాకా పిండి పిండి ఉతికాను. పాత ట్యాంకు కొనడంలోని అసలు లాభాన్ని సింకులో పారబోశానని అప్పటికి తెలీదు.

చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది. ఏట్లో అయితే అది కొట్టుకుపోతుంది, కాదంటే చేపే పక్కకి పోతుంది. గాజుపెట్టెలో రెండూ కుదరవు. అక్కడ చేపని కాపాడేది ఆ జిగురే. అందులో ఒక రకం బాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని అంత హాని లేని నైట్రేట్ చేస్తుంది. ఇది రెండంచెల్లో జరిగే పని అని వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో చూపించాడు. రెండు పనులూ తానే చేయగల నైట్రోస్పైరా కూడా ఉందని 2015లో బయటపడింది. కొత్త ట్యాంకులో ఇవి సరిపడా పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దాన్నే సైక్లింగ్ అంటారు. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ వీటిని చంపేస్తుంది.

ఐదో రోజుకి జీబ్రాలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళు మాత్రం అద్దంలా ఉన్నాయి. పరిగెత్తి టెస్ట్ కిట్ తెచ్చాను. పసుపుగా ఉండాల్సిన గొట్టం ముదురాకుపచ్చకి తిరిగింది. మా నీళ్ళ పీహెచ్ 8 పైనే. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషపు వాటా పెరుగుతుంది. రోజూ సగం నీళ్ళు మార్చినా రెండు చచ్చిపోయాయి. మిగిలిన రెండిటినీ, ఏళ్ళుగా ట్యాంకు నడుపుతున్న కొలీగ్‌కి ఇచ్చేశాను.

"ఆదివారం కొరమీను పులుసు లొట్టలేసుకుంటూ తింటావు, ఇరవై రూపాయల చేప పోతే మొహం వేలాడేస్తావేంట్రా?" అంది అమ్మ.

న్యాయమైన ప్రశ్న. చేపకి నొప్పి ఏముంటుందిలే అని తప్పించుకోవచ్చు. కానీ 2003లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి ఎసిటిక్ ఆమ్లం ఎక్కిస్తే, అవి తిండి మానేసి, పెదవుల్ని గులకరాళ్ళకేసి రుద్దుకున్నాయి. మనలాంటి మెదడు లేదు కాబట్టి అది నొప్పి కాదని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదన తేలేదాకా నా ఇష్టమొచ్చినట్టు చేస్తానంటే, అనుమానం తాలూకు లాభం నాకే రాసుకున్నట్టు.

పులుసుకీ దీనికీ తేడా ఉందా? కొరమీను విషయంలో నేను పవిత్రుణ్ణేమీ కాదు. ఆ లెక్క విడిగా తేల్చుకోవాల్సిందే. అక్కడ తప్పు చేస్తున్నా, ఆ తప్పు ఇక్కడి తప్పుకి అనుమతి పత్రం కాదు. జీబ్రా చేప ప్రపంచమంతా ప్రయోగశాలల్లో వాడే జీవి. అక్కడ కనీసం జవాబు కావాల్సిన ప్రశ్న ఒకటుంటుంది. నా ట్యాంకులో ఉన్నది ప్రశ్న కాదు, తొందర. ఆరు వారాలు ఎవరో ఒకరు భరించాలి. నేను ఖాళీ ట్యాంకు చూస్తూ భరించొచ్చు, లేదా అవి మొప్పలతో భరించొచ్చు. నా వంతుని నాలుగు చేపలకి ఎనభై రూపాయలిచ్చి అంటగట్టాను. తెలీక చేశానన్నది నిజమే. కానీ వేరే దారి లేని ప్రాణిని పెట్టెలో పెట్టేవాడికి, ముందు తెలుసుకోవడమే మొదటి బాధ్యత. ఆఫీసులో సగం ఉడికిన కోడ్‌ని యూజర్ల మీదకి వదిలినప్పుడు కూడా మేం చేసేది ఇలాంటి పనే. కాకపోతే యూజర్ యాప్ తీసెయ్యగలడు.

రెండోసారి చేపలు వెయ్యలేదు. నవాసాగరం వేశాను. ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టేవాళ్ళు వాడే అమ్మోనియం క్లోరైడే అది. శుద్ధి చేసిన రకం తెప్పించాను. యాభై లీటర్లలో అమ్మోనియా 2 పీపీఎమ్‌కి రావడానికి గ్రాములో మూడో వంతు చాలు. ఇంటికొచ్చినవాళ్ళంతా "చేపలేవీ?" అనేవాళ్ళు. మూడో వారంలో నైట్రైట్ ఎగబాకింది. 38వ రోజున, వేసిన అమ్మోనియా 24 గంటల్లో సున్నా అయింది, నైట్రైటూ సున్నా. పేరుకున్న నైట్రేట్ తగ్గడానికి, క్లోరిన్ తీసేసిన నీళ్ళతో ముప్పాతిక భాగం మార్చి, షాపుకెళ్ళాను.

"మంచియి చూపియ్యాలా సార్?" అన్నాడు. ఆరు జీబ్రాలు ఇమ్మన్నాను.

పక్కన కాలేజీ కుర్రాడొకడు కొత్త ట్యాంకు పట్టుకుని నిలబడ్డాడు. షాపతను అతనికీ అదే మాట చెబుతున్నాడు. కలగజేసుకుని, సంగతి చెప్పి, "నా ఫిల్టర్ స్పాంజిలో సగం కోసి ఇస్తా, తడిగానే తీసుకెళ్ళు" అన్నాను.

"వాడిందా అన్నా?" అంటూ మొహం అదోలా పెట్టాడు.