యంత్రబుద్ధియు రైతు పూచీయు

గాజుటింటిలోని మొక్కకు నీరెప్పుడీయవలెనో, గాలి యెప్పుడు విడువవలెనో యంత్రమే నిర్ణయింపగల కాలము వచ్చినది. 2018లో నెదర్లాండ్సులోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయమువారు కీరదోసపంటపై నిట్టి పోటీ నడపిరి. ఐదు జట్లు కృత్రిమమేధ సాయమున దూరమునుండియే పంటను పెంచినవి. అందు మైక్రోసాఫ్టు పరిశోధకులు నడపిన సోనోమా జట్టు అనుభవజ్ఞులైన రైతులకంటె నధికలాభము గడించెను.

ఇది విని కోనసీమ యువకు డుత్సహించినచో మేము తప్పుపట్టము. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో హరితగృహము కట్టువానిని ఉక్కయు తేమయు విడువక వేధించును. ఆకుపై తడి యెంతసేపు నిలిచెనో రాత్రియెల్ల మేలుకొని కొలుచు సాధనమును కాదనుట వివేకము గాదు.

కాని చదువరులారా, సలహా చెప్పుట వేఱు. పూచీ వహించుట వేఱు. 1996 నవంబరు 6వ తేదీ తుపాను కోనసీమ తోటలను కూల్చినప్పుడు అప్పు మిగిలినది రైతునకే. రేపు యంత్రము పొరపడినను అంతియే. దానికి కౌలు లేదు, వడ్డీ లేదు, ఆకలి లేదు. నష్టమెఱుగనిదానికి నిర్ణయము నంతయు నప్పగించుట బాధ్యతనుండి తప్పించుకొనుటయే యని మా యభిప్రాయము.

కావున యువకుడు యంత్రము మాట వినుగాక. వినుటకుముందు ఆకును తిప్పి చూచుగాక, వేరుకడ కొబ్బరిపొట్టును పిడికిట నొక్కి తడి తెలిసికొనుగాక. ఈ యలవాటు నశించిననాడు యంత్రము తప్పిన తావును పట్టుకొనువాడే మిగులడు. పెద్దలిచ్చిన చూపును, క్రొత్తలెక్కను జతగా నిలుపుకొనుటయే నేటి రైతుబిడ్డకు ధర్మము.