బడి సామాన్ల కోసం చిప్స్ ప్యాకెట్లు అమ్మొద్దు పాపా

పాపా,

బాలల దినోత్సవానికి నువ్వు పాఠాలు చెప్పే బడిలో స్టాళ్లు పెడుతున్నామని, వచ్చిన డబ్బుతో వాలీబాల్ సామాన్లు, పుస్తకాలకు ఒక బీరువా కొంటామని ఫోన్లో చెప్పావు. చాలా సంతోషమైంది. ఎవరో వచ్చి ఇస్తారని కూర్చోకుండా నువ్వే పూనుకున్నావు. కానీ అమ్మబోయే వాటి పట్టీ చదివావు చూడు, చిప్స్, కూల్‌డ్రింకులు, క్రీమ్ బిస్కెట్లు, కప్పు నూడుల్స్ అని, అక్కడ మాత్రం ఈ పెద్దమ్మ మాట కొంచెం విను. స్టాళ్లు మానుకోమని కాదు, సరుకు మార్చుకోమని.

ముందు ఒకటి ఆలోచించు. ఆ రోజు కొనేదెవరు? మీ కమలాపురం బజారు జనం పనులు మానుకుని వచ్చి కొనరు. కొనేది నీ తరగతి పిల్లలే, వాళ్ల చెల్లెళ్లూ తమ్ముళ్లే. ఇంట్లో మారాం చేసి తెచ్చుకున్న పది, ఇరవై రూపాయలు వాళ్లవి. బయట అంగట్లో చిప్స్ కొంటే అమ్మ కసురుతుంది. బడిలో టీచరమ్మే అమ్మితే ఇక అడిగేదెవరు? పిల్లలకు నీ మాట మీదున్న నమ్మకం ఆ ప్యాకెట్‌కు కూడా అంటుకుంటుంది. నాకు భయమంతా అక్కడే.

చట్టం కూడా నా వైపే ఉంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2020 సెప్టెంబర్‌లో బడి పిల్లల తిండి గురించి నిబంధనలు తెచ్చింది. 2021 జూలై 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన తిండిని బడి ఆవరణలో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపల గానీ అమ్మకూడదు, ఊరికే పంచకూడదు, ప్రచారం కూడా చేయకూడదు. మంచి పనికి డబ్బు పోగు చేస్తున్నాం కదా అంటే చెల్లదు.

చట్టం సంగతి పక్కన పెట్టినా, మీ బడి రోజూ చేసే పనినే చూడు. మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనంలోకి 2020లో చెనిక్కాయ చిక్కీ వచ్చింది, 2023 మార్చిలో రాగిజావ వచ్చింది. పథకం పేర్లు మారినా ఆ ఆలోచన మంచిది. పొద్దున జావ పోసిన చేత్తోనే మధ్యాహ్నం కూల్‌డ్రింకు అందిస్తే, ఆ బిడ్డ దేన్ని నమ్మాలి? చక్కెర రోజుకు 25 గ్రాములు దాటొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. కూల్‌డ్రింకులో 100 మిల్లీలీటర్లకు పది, పదకొండు గ్రాముల చక్కెర ఉంటుంది. పావు లీటరు సీసా తాగితే ఆ రోజు కోటా అయిపోయినట్టే. మరోపక్క మన రాష్ట్రంలో ప్రతి పదిమంది ఆడవాళ్లలో దాదాపు ఆరుగురికి రక్తం తక్కువని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. నీ తరగతిలో రెండు జడలు వేసుకుని కూర్చునే పిల్లలే రేపు ఆ లెక్కలోకి వస్తారు. చిప్స్‌తో వాళ్ల ఆకలి తీరుతుందేమో గానీ రక్తం పట్టదు.

ఇక డబ్బు లెక్క. నువ్వు లెక్కల టీచరువి, నాకంటే బాగా వేస్తావు. పది రూపాయల చిప్స్ ప్యాకెట్ మీద మీకు రూపాయి మిగిలిందనుకో. వంద రూపాయలు మిగలాలంటే వంద ప్యాకెట్లు అమ్మాలి. పిల్లల జేబుల్లోంచి వెయ్యి రూపాయలు బయటికొస్తే తొమ్మిది వందలు ఊరు దాటి పోతాయి. ఇప్పుడు చెనిక్కాయ ఉండలు చూడు. పప్పు కిలో 140, బెల్లం కిలో 60 అనుకో. కిలో పప్పుకు ముప్పాతిక కిలోకు కొంచెం తక్కువ బెల్లం సరిపోతుంది. గ్యాసుతో కలిపి రెండు వందల్లో అవుతుంది. పాతిక గ్రాముల ఉండలు అరవైకి తగ్గవు. ఒక్కోటి ఐదు రూపాయలకు అమ్మితే మూడు వందలొస్తాయి, వంద బడికి మిగులుతుంది. అదే వంద రూపాయలకు పిల్లల దగ్గర తీసుకున్నది వెయ్యి కాదు, మూడు వందలే. పప్పుకు, బెల్లానికి పోయిన డబ్బు కూడా మన అంగళ్లకే చేరుతుంది. ధరలు మారితే నువ్వే మళ్లీ లెక్కవేసుకో, ఇంకా మంచిది పిల్లల చేతనే వేయించు.

ఇంకా ఏమి పెట్టొచ్చు అంటావా? నవంబర్‌లో కొత్త చెనిక్కాయలొస్తాయి, ఉప్పేసి ఉడకబెట్టి పొట్లాలు కట్టండి. శెనగ గుగ్గిళ్లు, అలసంద గుగ్గిళ్లు తాళింపు పెట్టి కొబ్బరి తురుము చల్లితే గిన్నె ఖాళీ అవడానికి ఎంతసేపు? బొరుగుల్లో ఉల్లిపాయ, టమాట, కొత్తిమీర, వేయించిన పప్పు, నిమ్మరసం కలిపితే పిల్లలు వరుస కడతారు. కొర్రన్నంతో చిత్రాన్నం చెయ్యండి. పులివెందుల వైపు చీనీకాయలు, ఎక్కడైనా దొరికే జామకాయలు ఉండనే ఉన్నాయి. తాగడానికి అల్లం, కరివేపాకు దంచి వేసిన పల్చటి మజ్జిగ చాలు. సంక్రాంతి దగ్గరైతే ఉడికించిన గెనుసుగడ్డలు, ఎండాకాలమైతే కలింగర ముక్కలు. చేసే పని డ్వాక్రా సంఘం అమ్మలకు అప్పగిస్తే వాళ్ల చేతికీ నాలుగు రూపాయలొస్తాయి.

అయితే ఇంట్లో చేసిందల్లా మంచిదేనని అనుకోవద్దు. బెల్లమూ తీపే, అందుకే ఉండ చిన్నదిగా కట్టమంటున్నా. బజ్జీలు, వడలు వద్దు. అమ్మకం జోరులో ఒకే నూనె పదే పదే కాచడం ఎవరికైనా జరుగుతుంది. పండ్లు ముందే కోసి పెట్టకుండా అడిగినప్పుడు కొయ్యండి, మూత పెట్టండి. మజ్జిగలోకి కాచి చల్లార్చిన నీళ్లే వాడండి. చెనిక్కాయలు పడని పిల్లలుంటారు, వాళ్ల అమ్మల్ని ముందే అడిగి పేర్లు రాసుకో. పొట్లాలకు అచ్చు పడిన పేపరు కాకుండా విస్తరాకు దొన్నెలు తెప్పించు.

ఇంకొక్క మాట. డబ్బు కావాలంటే తిండే అమ్మాలని ఎవరు చెప్పారు? అమెరికాలో 2014 జూలై నుంచి బడి వేళల్లో అమ్మే తిండికి కేంద్రం కొలతలు పెట్టింది, నిధుల కోసం అమ్మేదానికీ అవే వర్తిస్తాయి. అప్పుడప్పుడు మినహాయింపు ఇచ్చుకునే వీలు మాత్రం రాష్ట్రాలకు ఉంది. అక్కడ నడకతో డబ్బు పోగు చేసే బడులున్నాయి. పిల్లలు మైదానం చుట్టూ నడుస్తారు, చుట్టుకింత ఇస్తామని బంధువులు, ఇరుగుపొరుగు ముందే మాటిస్తారు. మీ మైదానానికేం తక్కువ? వాలీబాల్ కొనడానికి ఆటతోనే డబ్బు పోగైతే అంతకంటే ముచ్చట ఏముంది? కరివేపాకు, మునగ నారు పెంచి అమ్మొచ్చు, చెక్కభజన కట్టించి ఊరిని పిలవొచ్చు.

అన్నిటికంటే సూటి దారి అడగడం. అడగడానికి మన కడప సీమ ఎప్పుడూ సిగ్గుపడలేదు. వావిలికొలను సుబ్బారావు గారు మద్రాసులో పండితుడిగా పేరు పొందినవారు. ఒంటిమిట్ట కోదండరామాలయం కోసం టెంకాయ చిప్ప పట్టుకుని జనాన్ని యాచించారు, ఆ చిప్ప మీద శతకమే రాశారు. కడపలో తెలుగు నిఘంటువు కూర్చిన బ్రౌన్ దొర పేరుతో గ్రంథాలయం నిలిచిందంటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టువదలకుండా విరాళాలు అడిగారు కాబట్టి. గుడికీ గ్రంథాలయానికీ ఇచ్చిన జనం ఒక్క బీరువాకు ఇవ్వరా? 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి కదా, అలా అందరూ కూడినప్పుడు లేచి నిలబడి అడుగు. పాత విద్యార్థులకు ఫోన్లు చెయ్యి. బెంగళూరులో, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు చదువుకున్న బడి గుర్తే ఉంటుంది.

చివరగా, డబ్బు ఎంత వచ్చింది, సరుకుకు ఎంత పోయింది, దేనికి ఖర్చుపెట్టారు, ఇవన్నీ పిల్లల చేతనే నోటీసు బోర్డు మీద రాయించు. బీరువా రసీదు కూడా పక్కనే అంటించు. మీ హెడ్మాస్టరు గారితో రేపే మాట్లాడు, చిప్స్‌కు అడ్వాన్సు ఇవ్వకముందే. బెల్లం పాకం ఎప్పుడు దించాలో తెలియకపోతే ఫోన్ చెయ్యి, దగ్గరున్నట్టే చెప్తా.

నీ పెద్దమ్మ