ఉహద్ తర్వాత వచ్చిన ఆజ్ఞ

సోదరులారా! సలహా సంప్రదింపుల (షూరా) ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనం ఆలి ఇమ్రాన్ సూరాలోని 159వ ఆయతును వింటుంటాం. అయితే అది ఏ సందర్భంలో అవతరించిందో ఆలోచించేవారు తక్కువ.

హిజ్రీ 3వ సంవత్సరం (క్రీ.శ. 625). మక్కా సైన్యం మదీనా మీదికి వచ్చింది. పట్టణంలోనే ఉండి ఎదుర్కోవాలన్నది దైవప్రవక్త (స) అభిప్రాయం. బద్ర్‌లో పాల్గొనలేకపోయిన యువకులు బయటికి వెళ్ళి పోరాడదామని పట్టుబట్టారు. ఆయన (స) వారి మాటే మన్నించి కవచం ధరించి వచ్చారు. అప్పుడు వారు, ఆయన్ని బలవంతపెట్టామేమోనని బాధపడి, తమరి ఇష్టప్రకారమే కానివ్వండి అన్నారు. ఆయన (స) ఒప్పుకోలేదు. సలహా అడిగే సమయం అయిపోయింది. నిర్ణయం జరిగిపోయింది.

ఆ రోజు హజ్రత్ హంజా (రజి)తో సహా సుమారు 70 మంది షహీద్ అయ్యారు. 'అడిగినందుకే ఇంత నష్టం, ఇక ఎవరినీ అడగకూడదు' అని ఏ నాయకుడికైనా అనిపించే సమయమది. సరిగ్గా అప్పుడే అల్లాహ్, వారిని మన్నించమనీ, వారి కోసం క్షమాభిక్ష వేడమనీ, వ్యవహారాల్లో వారిని సంప్రదించమనీ తన ప్రవక్తను ఆదేశించాడు. నిర్ణయించుకున్న తర్వాత మాత్రం అల్లాహ్‌నే నమ్ముకోమన్నాడు. కఠినంగా ఉండి ఉంటే వారంతా చెదిరిపోయేవారని కూడా ఆ ఆయతులోనే ఉంది.

ఇప్పుడు మన బజారు చూడండి. గుమాస్తా ఒకసారి ఎవరికో సరుకు అప్పిచ్చాడు, డబ్బు రాలేదు. ఆ మరునాటి నుంచి దస్తీ అమ్మాలన్నా అతను యజమానికి ఫోన్ చేయాల్సిందే. పదేళ్ళుగా ఏ గిరాకీ ఎలాంటివాడో తెలిసిన మనిషి నోరు మూసుకుంటాడు. మరో దుకాణంలో ఖాళీ ఉందని వినగానే వెళ్ళిపోతాడు. 'ఈ కాలంలో నమ్మకస్తులు దొరకరు మౌలానా' అని అదే యజమాని మన దగ్గర వాపోతాడు!

అయితే పనివాడికి వదిలేయడం అంటే అన్నీ వదిలేయడం కాదు. అదే ఉహద్‌లో 50 మంది విలుకాండ్రను హజ్రత్ అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి) నాయకత్వంలో కొండ మీద నిలిపి, గెలిచినా ఓడినా అక్కడి నుంచి కదలవద్దని దైవప్రవక్త (స) ముందే స్పష్టంగా చెప్పారు. అందులో వారి ఇష్టానికి చోటు లేదు. యుద్ధసొమ్ము చూసి చాలామంది దిగిపోయారు, దాంతో శత్రువు వెనుక నుంచి వచ్చాడు. ఎక్కడ అడగాలో, ఎక్కడ ఆజ్ఞాపించాలో ఆయనకు (స) తెలుసు. మన యజమానుల్లో చాలామంది హద్దు ముందు చెప్పరు, దాటాక మాత్రం అరుస్తారు.

ఈ తేడా కేవలం మర్యాదకు సంబంధించింది కాదు, హక్కుకు సంబంధించింది. నెల జీతం మీద ఒక్క యజమానికే పనిచేసేవాణ్ణి ఫిఖహ్‌లో 'అజీరె ఖాస్' అంటారు. అతని చేతిలోని సరుకు అమానత్. అప్పు ఇవ్వొద్దని యజమాని స్పష్టంగా చెప్పినా ఇచ్చి ఉంటే, నష్టం అతనే భరించాలి. అప్పిచ్చే అనుమతి ఉండి, తన వైపు నుంచి నిర్లక్ష్యం లేకుండా ఇచ్చి ఉంటే ఆ నష్టం యజమానిది. దాన్ని వచ్చే నెల జీతంలో కోసుకోవడానికి అతనికి హక్కు లేదు.