వెచ్చని యిల్లు, తెఱచిన వాకిలి

గృహసౌఖ్యము ఆత్మకు ఉపకారియా, అపకారియా యను ప్రశ్న మన దేశమునందు సన్న్యాసమంత ప్రాచీనమైనది. చలికాలమున ఆ ప్రశ్న మఱింత పదునెక్కును; ఏలయన, వేకువజామున కంబళి విడువనొల్లని దేహము, కుంపటి సెగను వీడనొల్లని చేతులు, వైరాగ్యశాస్త్రము నెంత చదివినవానికైనను తమ పక్షమును తాము గట్టిగనే వాదించుచుండును. ఇటీవల డెన్మార్కు దేశస్థులు ‘హ్యుగ’ యని పిలుచుకొను గృహజీవన పద్ధతి లోకమంతట ప్రసిద్ధి కెక్కుటతో, మన యూళ్లలోను కొందఱు చలికాలమున దానిని తమ యిండ్లకు తెచ్చుకొనవలెనని ముచ్చటపడుచున్నారు. ఆ ముచ్చట విచారణకు తగినది.

కోపెన్‌హేగన్ నగరమున డిసెంబరు చివర పగలు 7 గంటలు మాత్రమే. మధ్యాహ్నము 4 గంటలు కాకమునుపే సూర్యుడస్తమించును. ఆ దీర్ఘరాత్రిని డేనులు మైనపువత్తుల వెలుగున, ఉన్నిదుప్పట్ల నడుమ, పరిచితులైన నలుగురితో కాఫీ త్రాగుచు, ఆడంబరము లేని సంభాషణతో గడుపుదురు. తాను అధికుడనని కనబఱచుకొనకుండుట ఆ కూటమికి మర్యాద. 2016లో మైక్ వైకింగ్ ఈ విషయమై వ్రాసిన చిన్న పుస్తకము దేశదేశములకు ప్రాకిన పిమ్మట, వత్తులు, మేజోళ్లు, దుప్పట్లు దీని పేరిట అంగడికెక్కినవి. అంగడి సరకును తొలగించి చూచినను మిగులునది గొప్పదే: మితము, సమత్వము, ఒకరి సన్నిధిలో మఱొకరు నెమ్మదిగ నుండగల్గుట.

అయినను ఆ దేశమే ఈ సుఖమునకు ప్రబలుడైన ప్రతివాదిని కూడ కన్నది. సోరెన్ కీర్కెగార్డ్ (1813–1855) తన జీవితపు తుదిదినములలో, 1854–55 సంవత్సరములయందు, స్వదేశపు మతసంస్థపై తీవ్రమైన వ్యాసములు ప్రకటించెను. జనులు సుఖముగ నింట కూర్చుండి తాము క్రైస్తవులమని తలచుకొనుచున్నారనియు, క్లేశమును స్వీకరింపని విశ్వాసము విశ్వాసమే కాదనియు ఆయన వాదము. మన విరాగులు సంసారమును గూర్చి చెప్పినదానికి ఇది దూరమైనది కాదు. వెచ్చదనము చుట్టును గోడ కట్టుకొన్న మనస్సు క్రమముగ పరుల చలిని మఱచును. ఆ మఱపు పుణ్యమువలె తోచుట మఱింత ప్రమాదము.

ఈ వివాదమును మన నెల్లూరు ప్రాంతపు ఆత్మకూరు, ఉదయగిరి సీమలలో నిలిచి చూడవలెను. ఇచట ఈశాన్య ఋతుపవనము అక్టోబరు మొదలు డిసెంబరు దాక ముసురుపట్టి, వెనుకనే ధనుర్మాసపు మంచు వెలిగొండల యంచుల దిగును. పగలు ఎంత చిన్నదైనను 11 గంటలకు తగ్గదు గనుక, మనకు దీర్ఘరాత్రి బాధ లేదు. ఉన్నది వేకువ బాధ. అందువలననే కాబోలు, మన శీతకాలపు ఆచారములన్నియు వేకువను, వాకిలిని ఆశ్రయించియున్నవి: కళ్లాపి, ముగ్గు, గొబ్బెమ్మ, హరిదాసు పాత్రలో పోయు గుప్పెడు బియ్యము, కోవెలలో తిరుప్పావై, వేడి పొంగలి, తుదకు వీధి నడుమ భోగిమంట. డేనుల దీపము మూసిన తలుపునకు లోపల వెలుగును. మన మంట వాకిటి కావల మండును. అయితే ఆ మంట చుట్టును అందఱికి సమముగ చోటు దొరకెనని చెప్పుట అసత్యమగును. కులము పేరిట దూరముగ నిలుపబడినవారి చలిని మన యాచారములు చిరకాలము చూడకపోయినవి. వాకిలి మనది, ఆ వాకిట అందఱు ఒక్క వరుసను కూర్చుండు మర్యాదను డేనుల కూటమినుండి నేర్చుకొనుటలో మనకు లాఘవమేమియు లేదు.

ఉదయగిరి పేరు తలచినపుడు శ్రీకృష్ణదేవరాయలు తలపునకు రాక మానడు. ఆయన గజపతులనుండి ఆ దుర్గమును 1514లో గెలిచి, అచటి బాలకృష్ణమూర్తిని విజయనగరమునకు కొనిపోయి ప్రతిష్ఠించెను. అంతటి దుర్గమును దీర్ఘకాలము ముట్టడించిన ఆ రాజే, ఆముక్తమాల్యదయందు విల్లిపుత్తూరి విష్ణుచిత్తుని యిల్లు వర్ణించెను. ఆ యింటికి కోటగోడ లేదు. అతిథి యే వేళ వచ్చినను ప్రవేశము కలదు. జడివానలు విడువక కురియు దినములలో విష్ణుచిత్తుడు వైష్ణవులకు వరుగులు, వడియములు, నేయి, పెరుగుతో భోజనమిడును. వండు ఇల్లాలి కంటికి పొగ సోకకుండునట్లు కొబ్బరి వంటచెఱకు పొయ్యిలో నుంచును. నడురేయి ఆ యింటి చెంత చెవియొగ్గిన, హరికథల సద్దుతో పాటు, కూరలు కొద్దియనియు, వంటకములు చల్లాఱినవనియు నొచ్చుకొనుచు అతిథిని వేడు గృహస్థుని మాటలు వినబడును.

ఆ దృశ్యమున నాకు రెండు సత్యములు గోచరించుచున్నవి. మొదటిది: ఆ రాత్రి అన్నమున వేడి లేదు. అయినను తెలుగు సాహిత్యమున అంతకంటె వెచ్చని యిల్లు నేనెఱుగను. రెండవది: ఆ వెచ్చదనమునకు మూలమైన శ్రమ యెవరిదో కవి మఱువలేదు. వేకువనే లేచి చన్నీటితో వాకిలి కడిగిన చేతులకు కుంపటి యొద్ద చోటు లేనిచో, తక్కినవారు అనుభవించు సుఖము పరస్వాపహరణమే యగును. తనకొఱకు మాత్రమే వండుకొనువాడు పాపమునే భుజించునని గీత తృతీయాధ్యాయము బోధించినది. వండినవారిని మఱచి భుజించువానికిని ఆ బోధ వర్తింపవలెను.

అతిథి మిత్రుడు కానిచో నేమి చేయవలెను? నెల్లూరు మనుమసిద్ధి కొలువున నుండిన తిక్కన ఆంధ్రీకరించిన శాంతిపర్వమున భీష్ముడు చెప్పిన కపోతకథ దీనికి ఉత్తరము. వానలో తడిసి గడగడ వణకు బోయ, ఆడుపావురమును పంజరమున పట్టియుంచి, దాని గూడున్న చెట్టుక్రిందకే చేరును. బందీయైన ఆ పక్షియే భర్తను పిలిచి అతిథిని ఆదరింపుమని చెప్పును. మగపక్షి నిప్పు తెచ్చి, ఎండుటాకులు పేర్చి, శత్రువునకు చలి కాచుకొన మంట వేయును. పెట్టుట కేమియు లేక తానే యా మంటలో దుముకును. మనుష్యులందఱు అంత చేయగలరని కథ యుద్దేశము కాదు. గృహధర్మము ఏ దిక్కునకు సాగవలెనో దాని కొసను నిలిచి చూపుట దాని పని.

కావున ఈ చలికాలమున ఇంట సాయంకాలము దీపము పెట్టి, ఫోనులు దూరముంచి, నలుగురు ఒకచోట కూర్చుండుట మంచిదే. ఉదయగిరి పనివారు చెక్కిన కొయ్యగరిటెతో వేడి సంగటి వడ్డించుకొనుట, పరదేశపు వత్తులు కొనుటకంటె మఱింత మంచిది. వండి వడ్డించు పనిని ఇంటిలోని పురుషులును పంచుకొని, ఆ పంక్తిలో పాలేరునకు, పొరుగువానికి, దారితప్పి వచ్చినవానికి సమానమైన పీట వేసినయెడల కీర్కెగార్డ్ అడిగిన క్లేశము, మన విరాగులు కోరిన త్యాగము అక్కడనే లభించును. సన్న్యాసి సెగను విడిచి అడవికి పోవును; గృహస్థు సెగ యొద్దనే యుండి, తన చోటు మఱియొకనికిచ్చి లేవవలసియున్నది. ఈ రెండవది ప్రతిదినము చేయవలసిన తపస్సు గనుక, సులభమైనది కాదు. చేయగల యింటికి మాత్రము మోక్షమార్గము గడప దాటకయే మొదలగునని నా దృఢవిశ్వాసము.