గొట్టానికి ఇవతలి వైపు

తుపాకీలో ఏ భాగం తుపాకీ? ఇరుసు రథమా, చక్రాలు రథమా అని నాగసేనుడు మిలిందుణ్ణి అడిగాడు. ఏదీ కాదు, అన్నీ కలిస్తే మనం పెట్టుకునే పేరే రథం అని తేలింది. చట్టానికి అలా కుదరదు, ఎక్కడో ఒకచోట వేలు పెట్టి చూపించాలి. అమెరికాలో 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం రిసీవర్‌ని చూపించింది. సీరియల్ నంబరు దాని మీదే ఉంటుంది. తూటా దూసుకెళ్ళే బారెల్ ఫెడరల్ చట్టానికి ఉత్త విడిభాగం. మన 1959 ఆయుధాల చట్టమైతే విడిభాగాల్నీ, ఆయుధాలు తయారుచేసే యంత్రాల్నీ కూడా ఆయుధాల కిందే లెక్కేసింది.

నేనుండేది టెక్సస్‌లో. ఇక్కడ ఇంట్లో బారెల్ మార్చుకోవడం వింతేమీ కాదు. వేల తూటాలు కాల్చాక వేడి వాయువులకి గొట్టం లోపల తినేస్తుంది, గురి చెడుతుంది. 1958లో వచ్చిన శావేజ్ 110 లాంటి రైఫిల్‌కి బారెల్‌ని ఒక నట్టు పట్టి ఉంచుతుంది. వైస్, ఆ నట్టుకి సరిపడే పానా, రెండు ఉక్కు గేజ్‌లు ఉంటే చాలు.

నన్ను ఆపింది ఆ గేజ్‌లే. ఒకదాని పేరు 'గో', రెండోదాని పేరు 'నో-గో'. తూటా ఉండాల్సిన చోట మొదటిది పెడితే వెనక బోల్టు మూసుకోవాలి, రెండోది పెడితే మూసుకోకూడదు. రెండింటికీ తేడా అంగుళంలో కొన్ని వెయ్యోవంతులు. కొలత మరీ తప్పితే తూటా తొడుగు చీలి, ఆ వేడంతా కాల్చేవాడి మొహం మీదికే రావచ్చు.

ఎంత శ్రద్ధ! కానీ ఆ శ్రద్ధంతా గొట్టానికి ఇవతల ఉన్నవాడి కోసం. అవతల ఏముంది అని అడిగే గేజ్ ఆ బల్ల మీద లేదు.

ఈ మాటే వేటకి వెళ్ళే మా పక్కింటి పెద్దాయనతో అన్నాను. "అరిగిన బారెల్‌తో కాలిస్తే జింక గాయంతో పారిపోయి ఎక్కడో పొదల్లో నరకయాతన పడి చస్తుంది. నేను బారెల్ మార్చేది దాని కోసం కూడా" అన్నాడు. తేలిగ్గా కొట్టిపారేయగల జవాబు కాదది. బాగా చేసిన పనిలో దయ కూడా ఉండొచ్చు. అయితే ఆ దయ ఆయనది, పానాది కాదు. అదే పానా, అదే కొలత ఇంకో గరాజ్‌లో ఇంకొకడికీ అంతే నిజాయితీగా పనిచేస్తాయి.

పనిముట్టు తప్పేం లేదు, తప్పంతా మనిషిదే అని ఇక్కడ తరచూ వింటుంటాను. సరే, ఒప్పుకుందాం. అప్పుడు కొలవాల్సింది మనిషినే కదా? డీలర్ దగ్గర రైఫిల్ కొన్నరోజు అతని నేరచరిత్ర ఒక్కసారి చూస్తారు. ఆ తర్వాత పదేళ్ళలో అతని కోపం, ఒంటరితనం, తాగుడు ఎంత పెరిగినా ఎవరికీ పట్టదు. ఇనుముని మాత్రం బారెల్ మార్చిన ప్రతిసారీ వెయ్యోవంతుల్లో కొలుస్తాం.